పళ్ళకి క్లిప్పులు వేయించుకున్నారా? కుర్చీ పక్కనుంచి కొన్ని జాగ్రత్తలు

“దానంతటదే ఊడిపోయిందండీ.”

రాజమండ్రి దానవాయిపేటలో పళ్ళ క్లిప్పులు వేసే డాక్టరు గారి దగ్గర 14 ఏళ్ళుగా అసిస్టెంటుగా చేస్తున్నాను. ఈ మాట వినని వారం లేదు. సంక్రాంతి వెళ్ళిన మర్నాడైతే నేను షట్టరు తీసేసరికే మెట్ల మీద నలుగురు కూర్చుని ఉంటారు. నలుగురివీ దానంతటవే ఊడినవే. నోరు తెరవమంటే ఊడిన క్లిప్పు పక్కనే జంతిక ముక్క ఇరుక్కుని ఉంటుంది. నేనేమీ అనను. ఆ ముక్క తీసి ట్రేలో పెట్టి పిల్లాడి వైపు చూస్తాను, వాళ్ళమ్మ కూడా వాడి వైపు చూస్తుంది. విచారణ అక్కడితో సరి.

డాక్టరు గారు నెలకొకసారి, మహా అయితే ఇరవై నిమిషాలు మీ నోట్లో పని చేస్తారు. తక్కిన రోజులన్నీ ఆ నోరు మీ దగ్గరే ఉంటుంది కదా. ఏ పన్ను ఎటు జరపాలన్నది ఆయన లెక్క, అందులో నేను వేలు పెట్టను. ఇంటి దగ్గర ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదేమో. ఎందుకంటే ఊడినవీ, విరిగినవీ, గుచ్చుకున్నవీ ముందు చూసేది నేనే.

మొదలుపెట్టకముందు

బోర్డు మీద బీడీఎస్ తర్వాత ఎండీఎస్ అనీ, దాని పక్కన ఆర్థోడాంటిక్స్ అనీ ఉందో లేదో చూడండి. ఐదేళ్ళ పళ్ళ డాక్టరు చదువు అయ్యాక ఇదొక్కదాని మీదే ఇంకో మూడేళ్ళు చదివినవాళ్ళు వీళ్ళు. చాలా క్లినిక్కుల్లో ఈ స్పెషలిస్టు నెలకి ఒకటి రెండు రోజులే వస్తారు. అందులో తప్పులేదు. కానీ మధ్యలో క్లిప్పుల్ని కలిపే తీగ గుచ్చుకుంటే ఎవరికి ఫోన్ చెయ్యాలో ముందే అడగండి. చెప్పిన డబ్బులో, జరిపిన పళ్ళు వెనక్కి పోకుండా చివర్న ఇచ్చే రిటైనర్ కలిసి ఉందా, క్లిప్పు ఊడితే మళ్ళీ అంటించడానికి ఎంత, ఈ రెండూ కూడా అడిగేయండి. పనిముట్ల సంగతి అడగడానికి మొహమాటపడొద్దు. ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిముల్ని చంపే పెట్టెలో, 121 డిగ్రీల దగ్గర పావుగంట ఉడికి, సీలు వేసిన కవరులో ఉన్నదాన్ని మీ ఎదురుగా చింపి తీయాలి. మా దగ్గర ఎవరైనా అడిగితే నాకు సంతోషమే, ఖాళీ కవరు కూడా చూపిస్తాను.

మొదటి రోజు ఎక్స్‌రేలు, ఫొటోలు, అచ్చు. పిల్లలు భయపడేది ఈ అచ్చుకే. గులాబీరంగు పిండి నీళ్ళలో కలిపి, ట్రేలో వేసి పళ్ళకి అదిమి పెడతాం. రెండు నిమిషాల్లో గట్టిపడుతుంది. నీళ్ళు వెచ్చగా ఉంటే ఇంకా తొందరగా బిగుసుకుంటుంది. నేను చేరిన మొదటి మే నెలలో, కుళాయి నీళ్ళే వేడిగా వస్తున్నాయని చూసుకోకుండా కలిపేశాను. ట్రేలోకి తీసేలోపే గిన్నెలోనే రాయి. అప్పట్నుంచి ఎండాకాలంలో అచ్చుకి ఫ్రిజ్ నీళ్ళే. వాంతి వచ్చేలా ఉంటే తల వెనక్కి వాల్చకండి, ముందుకి వంచండి. ముక్కుతో గాలి పీలుస్తూ ఒక కాలు కాస్త పైకెత్తి కాలివేళ్ళు ఆడించండి. నవ్వుతారు గానీ, ధ్యాస కాలి మీదకి పోతే గొంతు తన పని మర్చిపోతుంది. నేను “కుడి కాలు, ఇప్పుడు ఎడమ కాలు” అంటూ ఉంటాను, అంతలో అచ్చు వచ్చేస్తుంది. ఆ పూట మాత్రం పెసరట్టు ఉప్మా దట్టించి రాకండి.

అంటించే రోజు నొప్పి ఉండదు, విసుగు ఉంటుంది. పంటి మీద నీలం రంగు యాసిడ్ జెల్ కొన్ని సెకన్లు ఉంచి, కడిగి ఆరబెడితే అక్కడ పన్ను సుద్దలా తెల్లబడుతుంది. దాని మీద జిగురు, జిగురు మీద క్లిప్పు, పైన నీలం లైటు. ఆరబెట్టిన పంటికి ఉమ్మి తగిలిందా, పని మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే “నాలిక కదపకు నాన్నా” అని వందసార్లు అంటాను. కోపంతో కాదు.

మొదటి వారం

వేసిన పూట ఏమీ తెలియదు. ఇంటికెళ్ళి “అస్సలు నొప్పే లేదు” అని అమ్మమ్మకి చెబుతారు. సాయంత్రానికి పళ్ళు బరువెక్కుతాయి. మర్నాడు ఇడ్లీ కూడా రాయిలా అనిపిస్తుంది. మూడో రోజు నుంచి దిగుతుంది, వారానికి మర్చిపోతారు. మా డాక్టరు గారు పారాసిటమాల్ రాస్తారు, వయసునీ బరువునీ బట్టి ఎంత వేసుకోవాలో ఆయన్నే అడగండి. ఇంట్లో ఉన్న వేరే నొప్పి మాత్రలు మీ అంతట మీరు వేసుకోవద్దు.

ఈ నొప్పి ఎందుకో పిల్లలకి ఒక తమాషా చేసి చూపిస్తాను. మొదట్లో వేసేది నికెల్ టైటానియం తీగ. అందులో ఒంటి వేడికి బిగుసుకునే రకం ఒకటుంది. కత్తిరించగా మిగిలిన కొత్త ముక్కని ఫ్రిజ్ నీళ్ళలో ముంచి ఎలా వంచితే అలా ఉండిపోతుంది. దాన్నే వేడి నీళ్ళ గ్లాసులో పడేస్తే టక్కున తన పాత వంపుకి వచ్చేస్తుంది. నోట్లో అదే జరుగుతుంది. వంకర పళ్ళ మీద వంగి కూర్చున్న తీగ తన ఆకారానికి రావాలని చూస్తూ పళ్ళని కూడా లాక్కొస్తుంది. ఆ రకం తీగ వేసినవాళ్ళు చల్లటి నీళ్ళు పుక్కిలిస్తే కాసేపు పట్టు సడలి హాయిగా ఉంటుంది. రోజ్ మిల్క్ తాగుతామంటారు మా ఊరి పిల్లలు. తాగండి, కానీ వెంటనే మంచినీళ్ళతో పుక్కిలించండి, అందులో పంచదార ఎంతో మీకు తెలుసు.

పళ్ళు కొంచెం కదులుతున్నట్టు ఉంటే హడలిపోకండి. పన్ను గోడలో కొట్టిన మేకు కాదు. నెట్టిన వైపు ఎముక కాస్త కరుగుతుంది, విడిచిన వైపు కొత్త ఎముక కట్టుకుంటుంది. నెలకి దాదాపు ఒక మిల్లీమీటరు, అంతే. ఎత్తుపళ్ళకి నాలుగు పళ్ళు తీయించాల్సి వస్తే ఒక్కో ఖాళీ ఏడు మిల్లీమీటర్లు ఉంటుంది. ఇక లెక్క మీరే వేసుకోండి. “డిసెంబరులో పెళ్ళి, ఆలోపు అయిపోవాలి” అని సెప్టెంబరులో వచ్చేవాళ్ళకి నేను మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతాను, ఆ కబురు డాక్టరు గారే చెబుతారు. మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ పని ఇది.

మొదటి వారం ముద్దపప్పు, పెరుగన్నం, సాంబారులో నానిన ఇడ్లీ, అరటిపండు. బుగ్గ లోపల గీసుకుపోతే గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అరచెంచా ఉప్పు వేసి పుక్కిలించండి. గీసుకునే క్లిప్పు మీద పెట్టడానికి మేమిచ్చిన మైనం వాడే పద్ధతి ఒకటుంది. చాలామంది తడి క్లిప్పు మీదే పెట్టేసి, నిలబడటం లేదని ఫోన్ చేస్తారు. ముందు దూదితోనో శుభ్రమైన గుడ్డతోనో క్లిప్పు తుడిచి ఆరనివ్వాలి. శనగగింజంత మైనం వేళ్ళ మధ్య నలిపి, వెచ్చగా మెత్తబడ్డాక ఉండ చేసి క్లిప్పు మీద అదమాలి. తినేటప్పుడు తీసేయండి. పొరపాటున మింగినా ఏమీ కాదు.

బ్రష్షు

ఇక్కడ కాస్త సావకాశంగా చెబుతాను, ఎందుకంటే నేను ఎక్కువ బాధపడ్డది ఇక్కడే.

ఒకమ్మాయి, ఇంటర్ చదివేది. పళ్ళు ముత్యాల వరుసలా వచ్చాయి. క్లిప్పులు తీసిన రోజు అద్దం ఇచ్చాను. ముందు నవ్వింది, తర్వాత అద్దం దగ్గరగా పెట్టుకుని చూసి ఆగిపోయింది. ప్రతి పంటి మీదా క్లిప్పు ఉన్నంత మేర బాగానే ఉంది, దాని చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి చట్రం. రెండేళ్ళు క్లిప్పుల చుట్టూ పాచి నిలిచి పంటి పైపొర సారం తీసేసింది. అలాంటి మచ్చ పడటానికి రెండేళ్ళు కూడా అక్కర్లేదు, పాచి కదలకుండా ఉంటే నెల చాలు.

కాబట్టి ఇలా చెయ్యండి. ముందు నీళ్ళు నోట్లో పోసుకుని గట్టిగా పుక్కిలించండి, పెద్ద ముక్కలు పోతాయి. బ్రష్షు పళ్ళకి తిన్నగా కాదు, ఏటవాలుగా పెట్టాలి. మొదట చిగురుకీ క్లిప్పుకీ మధ్య, బ్రష్షు క్లిప్పు వైపు వాల్చి. తర్వాత క్లిప్పుకి అవతలి అంచు, ఈసారి అటు వైపు నుంచి వాల్చి. ఆ తర్వాతే క్లిప్పు మీద. చాలామంది మూడోది ఒక్కటే చేసి బయటపడతారు. లోపలి వైపూ, నమిలే వైపూ మామూలుగానే. చివర్న సీసాలు కడిగే బ్రష్షుకి పిల్లలా ఒకటి ఉంటుంది, పళ్ళ సందుల బ్రష్షు. దాన్ని తీగ కింద నుంచి దూర్చి ఒక్కో క్లిప్పు పక్కనా పైకీ కిందకీ ఆడించండి. తాలింపులో ఆవాలు, తోటకూర పీచు, కరివేపాకు ఈనె దొరికేది అక్కడే. మధ్యాహ్నం కడుక్కున్నాను కదా అని రాత్రి మానేయొద్దు. పేస్టులో ఫ్లోరైడ్ ఉండాలి. వేపపుల్ల మంచిదని తాతగారు పట్టుబడితే ఆయన్నే నమలమనండి. క్లిప్పులున్న నోటికి పుల్ల పనికిరాదు, తీగలో చిక్కుకుంటుంది.

అయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, అద్దంలో ప్రతి క్లిప్పు నాలుగు అంచులూ విడివిడిగా కనబడి మెరవాలి. అంచు మసకగా ఉంటే అక్కడ పాచి ఉన్నట్టే. చిగుళ్ళు వాచి రక్తం వస్తోందని బ్రష్షు మానేస్తారు కొందరు. అక్కడ మురికి ఉంది కాబట్టే రక్తం. మెత్తటి బ్రష్షుతో అక్కడే ఇంకాస్త ఎక్కువసేపు తోమితే తగ్గుతుంది, వారమైనా తగ్గకపోతే వచ్చి చూపించండి. ఇంకొక్క మాట. బస్టాండులో మిరపకాయ బజ్జీ తిని నేరుగా కుర్చీ ఎక్కకండి. మా వాష్‌బేసిన్ దగ్గర అద్దం పెట్టింది అందుకే. మీ బ్రష్షు సంచిలో తెచ్చుకోండి.

తిండి

మా రిజిస్టరు తిరగేస్తే క్లిప్పులు ఊడిన తేదీల్ని బట్టి పంచాంగం రాయొచ్చు. జనవరిలో జంతికలు, చేగోడీలు, చెరకు గడలు. అన్నిట్లోకీ చేగోడీ దుర్మార్గం. చూడ్డానికి చిన్నది, విరిగేటప్పుడు క్లిప్పుని కూడా తీసుకెళ్తుంది. మే, జూన్‌లో కొత్తావకాయ. ముక్క తిని ఊరుకోరు, టెంక చీకుతారు. వానలు పడగానే కాల్చిన మొక్కజొన్న పొత్తు. గింజలు ఒలుచుకుని ఉడకబెట్టుకుంటే ఏ గొడవా లేదు. సుబ్బారాయుడి షష్ఠి తీర్థాల్లో జీళ్ళు, అదే సాగే పాకం మిఠాయి. జీడి అంటుకుందంటే క్లిప్పూ తీగా కలిపి లాగేస్తుంది. మామిడి తాండ్ర కూడా ఆ జాతే. ఏడాది పొడుగునా మటన్ మూలుగ ఎముక, జామకాయ, చిక్కీ, పెన్ను మూత. పెన్ను మూత తిండి కాదని నాకూ తెలుసు, కానీ పరీక్షల నెలలో అది ఊడగొట్టినన్ని జంతికలు కూడా ఊడగొట్టవు.

అన్నీ మానేయమనడం లేదు. ముందు పళ్ళతో కొరకొద్దు, అంతే నియమం. జామకాయైనా ఆపిలైనా చాకుతో పలచగా కోసుకుని వెనక పళ్ళతో నమలండి. చపాతీ చేత్తో తుంచుకోండి. తాటి ముంజలు ఎన్ని తిన్నా నాకు అభ్యంతరం లేదు. పూతరేకు నోట్లో కరిగిపోతుంది గానీ తీపి క్లిప్పుల చుట్టూ ఉండిపోతుంది, తిన్నాక కడుక్కోండి. తాపేశ్వరం కాజా చిన్న ముక్కలుగా చేసుకుంటే సరే. పులసకి ముల్లు జాగ్రత్త, అది క్లిప్పులున్నా లేకపోయినా ఒకటే.

పసుపు సంగతి వేరు. క్లిప్పు చుట్టూ తీగని పట్టి ఉంచే చిన్న రబ్బరు రింగులుంటాయి. ఎవరికీ కనబడకూడదని రంగులేనివి అడుగుతారు. మన పప్పుకీ పులిహోరకీ రెండు రోజుల్లో అవి చామంతి రేకుల్లా అవుతాయి. లేత నీలం పెట్టించుకుంటే ఆకుపచ్చగా మారుతుంది. నా సలహా బూడిద రంగు, ముదురు నీలం, లేదా మెరూన్. పెళ్ళికో ఫొటోకో రంగులేనివి కావాలంటే ఒకటి రెండు రోజుల ముందు మార్పించుకోండి, ఆ రెండు రోజులూ పెరుగన్నంతో సరిపెట్టుకోండి.

గుచ్చుకుంటే, ఊడితే

వెనక తీగ కొస బుగ్గకి గుచ్చుకోవడం మామూలే. పళ్ళు జరిగి ఖాళీలు మూసుకునేకొద్దీ తీగ వెనక్కి పొడుచుకొస్తుంది. అంటే పని జరుగుతోందన్నమాట. రాత్రి పూటైతే మైనం పెట్టి పడుకోండి. సన్న తీగైతే పెన్సిల్ వెనక ఉండే కొత్త రబ్బరుతో మెల్లగా పంటి వైపు వంచొచ్చు. మర్నాడు వస్తే ఒక్క నిమిషంలో కత్తిరిస్తాం. మా కట్టరు కోసిన ముక్కని తనే పట్టుకుంటుంది, నోట్లో పడనివ్వదు. ఇంట్లో కటింగ్ ప్లేయరుతో ప్రయత్నించిన నాన్నగారు ఒకరు తెగిన ముక్క కోసం పిల్లాడి నోట్లో టార్చి వేసి అరగంట వెతికారట.

క్లిప్పు ఊడి తీగకి వేలాడుతుంటే పీకేయకండి, మైనంతో పక్క దానికి అతికించి ఫోన్ చెయ్యండి. చేతిలోకి వస్తే కాగితంలో చుట్టి తీసుకురండి. నేల మీద పడిన క్లిప్పు కోసం వెతకడానికి సిగ్గుపడకండి, మా క్లినిక్‌లో నేనే ఎన్నోసార్లు మోకాళ్ళ మీద వెతికాను. మింగేస్తే సాధారణంగా రెండు మూడు రోజుల్లో బయటికి పోతుంది, అయినా డాక్టరు గారికి చెప్పండి. దగ్గు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా మాకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

రబ్బర్లు

పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య వేసుకునే రబ్బర్ల ప్యాకెట్ల మీద కుందేలు, నక్క లాంటి బొమ్మలుంటాయి. ఒక్కో జంతువు ఒక్కో సైజూ బలమూ అన్నమాట. అయిపోతే “నాది నక్క” అని చెబితే చాలు. మీ తమ్ముడి కుందేలు మీరు పెట్టుకోకండి.

రోజుకి దాదాపు 22 గంటలు ఉండాలి. తినేటప్పుడూ, తోముకునేటప్పుడూ తీయడం, వెంటనే పెట్టుకోవడం. రోజూ కొత్తవి, ఎందుకంటే ఉమ్మిలో నాని పట్టు పోతుంది. ఇక్కడ కూడా అబద్ధాలే. “రోజూ పెడుతున్నా ఆంటీ” అంటాడు. సరే నాన్నా, నా ఎదురుగా ఒకసారి పెట్టు అంటాను. రోజూ పెట్టేవాడు అద్దం అడగడు, వేలి కొసకి తగిలించి, పైన కోరపంటి కొక్కేనికి వేసి, చటుక్కున కింద దవడపంటికి లాగేస్తాడు. పెట్టనివాడు రెండుసార్లు జారవిడిచి నా మొహం చూస్తాడు. తిట్టను. ఎప్పుడు మర్చిపోతున్నావో చెప్పమంటాను. ఎక్కువగా స్కూల్లో మధ్యాహ్నం భోజనం తర్వాత. జామెట్రీ బాక్సులో నాలుగు రబ్బర్లు పెట్టుకోమంటాను, చాలామందికి అది పనిచేసింది. రెండు రోజులు మానేశాం కదా అని ఒకేసారి రెండేసి మాత్రం వేసుకోకండి. పళ్ళ మీద చెయ్యకూడనంత లాగుడు పడుతుంది.

ఆగస్టులో గోదావరికి వరదొస్తే లంక ఊళ్ళ పిల్లలు నెలన్నరైనా రాలేరు. అటువైపు వాళ్ళు జూలైలో వచ్చినప్పుడే రెండు ప్యాకెట్లు ఎక్కువ అడిగి తీసుకెళ్ళండి. ఒక నెల తప్పితే కొంప మునగదు, పని ఆగుతుంది అంతే. మూడు నాలుగు నెలలు మొహం చాటేస్తే మాత్రం ఏ పన్ను ఎటు తిరిగిందో డాక్టరు గారు మళ్ళీ మొదటినుంచి చూసుకోవాలి.

తీసేశాక

క్లిప్పులు తీసిన రోజు స్వీట్లు పంచి, ఇక మా మొహం చూడరు. అసలు జాగ్రత్త అప్పుడే మొదలు. జరిగిన పళ్ళు పాత చోటికి పోవాలని చూస్తాయి. అందుకే రిటైనర్. మొదట్లో దాదాపు రోజంతా, తర్వాత డాక్టరు గారు చెప్పినప్పట్నుంచి రాత్రిళ్ళు. ఎన్నాళ్ళు అంటే, పళ్ళు తిన్నగా ఉండాలనుకున్నన్నాళ్ళు.

చన్నీళ్ళతో మెత్తటి బ్రష్షు పెట్టి కడగండి. ప్లాస్టిక్ కప్పులా ఉండే రకాన్ని వేడినీళ్ళలో వేస్తే మెలికలు తిరిగిపోతుంది. ఒకావిడ శుభ్రమని ఇడ్లీ పాత్రలో ఆవిరి పెట్టారు, బయటికి వచ్చింది ఎవరి నోటికీ పట్టలేదు. కారు డాష్‌బోర్డు మీద ఎండలో పెట్టకండి. కుక్కకి అందేచోట అసలే వద్దు, వాటికి ఆ వాసనంటే ప్రాణం. కొన్ని రాత్రులు మానేసి మళ్ళీ పెట్టుకుంటే బిగువుగా ఉంటుంది. మెల్లగా నొక్కితే కూర్చుంటే సరే, కూర్చోకపోతే బలవంతంగా తొయ్యకుండా పట్టుకుని రండి.

ఎక్కువగా పోయేది హోటల్లో. తినేముందు తీసి, టిష్యూలో చుట్టి, ప్లేటు పక్కన పెడతారు. సర్వరు బల్ల తుడుస్తూ టిష్యూ కూడా తుడిచేస్తాడు. నోట్లో లేకపోతే డబ్బాలో ఉండాలి, మూడో చోటు లేదు. డబ్బా మూత మీద చెరగని పెన్నుతో మీ ఫోన్ నంబరు రాసుకోండి. కిందటేడు ఒక రిటైనర్ కొవ్వూరు బస్సులో పోయింది. డబ్బా మీద మా క్లినిక్ నంబరు నేను రాసిందే. సాయంత్రం డ్యూటీ దిగుతూ కండక్టరు గారు తెచ్చి కౌంటరు మీద పెట్టి, “ఇది ఎవరి పళ్ళ సెట్టమ్మా?” అన్నారు.